చెట్టు తొర్రలో కప్పను చూసింది నేను కాదు

ముప్పై ఏళ్ళుగా ఒక కప్పను మోస్తున్నాను. బొటనవేలికన్నా కాస్త పెద్దది, తూస్తే గ్రాముల్లో తూగుతుంది. అయినా బరువే. బెంజి సర్కిల్లో సిగ్నల్ దగ్గర ఆగినా, పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఈవిడే ఆ కప్ప మేడం" అని పరిచయం చేసినా, లోపల అది కదిలేది. కప్పల మీద పనిచేసినదాన్ని కనుక కప్పిపుచ్చడం బాగానే వచ్చింది. మీరు నవ్వకపోయినా ఫరవాలేదు. నవ్వించి తప్పించుకోవడం నా పాత అలవాటు. ఈసారి తప్పించుకోను.

విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. కొత్తగా చేరిన రోజుల్లో విద్యార్థులను పడమటి కనుమల అడవులకు టూరు తీసుకెళ్ళాం. మాతో ల్యాబ్ అటెండర్ దేవసహాయం గారు వచ్చారు. ఉయ్యూరు దగ్గర చెరకు తోటల్లో పెరిగిన మనిషి. చదువు పదో తరగతితో ఆగింది గాని, లాటిన్ పేర్లు నాకన్నా శుభ్రంగా పలికేవారు.

ఆ సాయంత్రం తొలి వాన కురిసి వెలిసింది. జలగల భయంతో నేను బస్సు దిగలేదు. కాళ్ళు సీటు మీదికి ముడుచుకుని, ఉప్పు పొట్లం ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయాను. కప్పల కోసం అంత దూరం వెళ్ళినదాన్ని! దేవసహాయం గారికి ఒక కూత వినిపించింది. మన పొలాల్లో కప్ప కూత కాళ్ళ దగ్గర నుంచి వస్తుంది, ఇది తల మీద నుంచి వస్తోందేమిటని ఆ చెట్టు వెతుక్కుంటూ వెళ్ళారు. తొర్రలో నిలిచిన వాన నీటి పక్కన కూర్చుని ఉందది. ఒళ్ళంతా పొక్కులు, పక్క వెంబడి తెల్లని చార. చెట్టెక్కే గోదురు కప్ప. ఆ సతత హరితారణ్యాల్లో తప్ప లోకంలో మరెక్కడా లేనిది, ఉన్నచోట కూడా అరుదుగా కనబడేది. ఆయన బస్సు అద్దం తట్టి నన్ను లేపారు.

అప్పట్లో మాకొక పద్ధతి ఉండేది. ప్రాణిని స్పిరిట్ సీసాలో వేసి, దాని కాలికి చిన్న చీటీ కట్టేవాళ్ళం. (అరుదైనదని తెలిసీ చంపడం మరో పాపం. దానికి వేరే ఒప్పుకోలు కావాలి.) చీటీ మీద ఊరు, తేదీ, పట్టినవారి పేరు. రాత పెన్సిల్‌తోనే, సిరా అయితే కరిగిపోతుంది. అటెండరుకు ఏం దొరికినా లెక్చరర్ పేరు రాయడమే మా డిపార్ట్‌మెంటు ఆచారం. నా పేరు రాశాను.

ఆచారం రాయించిందా, ఆశ రాయించిందా? చాలా ఏళ్ళు ఆచారం మీదికే నెట్టేశాను. మరి ఆ తర్వాత సైన్సు పత్రికకు పంపిన వ్యాసంలో "తొర్రలో నేను గమనించాను" అని రాసినప్పుడు నన్ను ఏ ఆచారం బతిమాలింది? వ్యాసం అచ్చయింది. పేరొచ్చింది, ప్రమోషనొచ్చింది. చివర కృతజ్ఞతల్లో బస్సు డ్రైవరు పేరుంది. దేవసహాయం గారి పేరు లేదు.

ఏటా వేసవిలో సీసాల్లో స్పిరిట్ మార్చే పని ఆయనదే. అంటే ఏడాదికోసారి నా పేరున్న ఆ చీటీ ఆయన చేతిలోకి వచ్చేది. ఆ రోజుల్లో సెలవు పెట్టేసేదాన్ని. ఒక ఏడు సెలవు దొరకలేదు. ఆయన సీసా వెలుతురుకెత్తి చూస్తూ అడిగారు.

"మేడం గారూ, ఈ పెన్సిలు రాత చెరిగిపోదాండీ?"

"చెరగదు దేవసహాయం. మన తర్వాత కూడా ఉంటుంది."

"అయితే మంచిదేనండి," అని మూత బిగించారు.

గమనించారా, ఆ రోజుల్లో 'గారు' కూడా మిగుల్చుకున్నాను. ఆయన అన్న ఆ 'మంచిదే'ను ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నానో లెక్కలేదు. ఎగతాళా? జాలా? ఏమీ తెలియక అన్నారా? తెలియకపోవడమేమిటి, ఆయన్ను అమాయకుడనుకుంటే నాకు నిద్ర పడుతుంది, అంతే.

ఈమధ్య కాలేజీ మ్యూజియం గదిని కొత్తగా తీర్చిదిద్దారు. గోడ మీద నిలువెత్తు కప్ప బొమ్మ, కింద నా పేరు. రిటైరైన నన్ను వచ్చి ప్రారంభించమన్నారు. సరేనని ఫోను పెట్టేశాను. దేవసహాయం గారికి డెబ్బై దాటాయి. ఆ గోడ ముందు దండ వేయించుకున్నానంటే ఇక ఈ జన్మలో నోరు విప్పలేను. మర్నాడే ప్రిన్సిపాల్ గారికి అంతా చెప్పాను. ఆవిడ గోడ మీది పేరు మార్చడానికి పెయింటర్‌ను పిలిపించారు. పత్రికకు సవరణ వేయమని ఉత్తరం రాశాను. తర్వాత ఉయ్యూరు వెళ్ళి, సభలో నిజం చెబుతాను, మీరు రావాలి అన్నాను.

"ఎన్నింటికండీ?" అన్నారాయన.

వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో ముందు వరుసలో కూర్చున్నారు. నేను మైకు పట్టుకుని చెప్పేశాను, చీటీ మీది పేరు నాదైనా చూసిన కళ్ళు ఆయనవని. కానీ చూడండి మనిషి బుద్ధి. అంత చెప్పీ, చివర్లో "మేమిద్దరం వెతుకుతుంటే ముందుగా ఆయనే చూశారు" అనేశాను. ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆ 'మేమిద్దరం'.

దేవసహాయం గారు లేచి మైకు అడిగారు. ఇచ్చి కూర్చున్నాను.

"మేడం గారు వెతకలేదండి. బస్సులో పడుకున్నారు."

హాలంతా ఒక్కసారి నవ్వింది. పిల్లలు నావైపు చూశారు. నేను లేచి నిలబడ్డాను.

"అవును. పడుకున్నాను. ఉప్పు పొట్లం కూడా పట్టుకుని."

మళ్ళీ నవ్వు, ఆ వెంటనే చప్పట్లు. నాకు కాదు, ఆయనకు. ఆయన ఆ కూత కూసి వినిపించారు. సన్నగా, గీరినట్టుగా. వానాకాలపు అడవి ఆ హాల్లోకి దిగింది. నేను నిద్రలో పోగొట్టుకున్నది మొదటిసారి విన్నాను. తొర్ర ఎంత ఎత్తున ఉందో, చేయి ఎలా పెట్టారో, ఎందుకు టార్చి వేయలేదో గంటసేపు చెప్పారు. ముఖ్య అతిథినైన నా ఉపన్యాసం ఎవరికీ గుర్తులేకుండా పోయింది. నేను జీవితంలో ఇచ్చిన ఉపన్యాసాలన్నిటిలోకీ బాగా జరిగింది అదే.

సభ అయ్యాక పిల్లలు ఆయన చుట్టూ మూగారు. నేను చేతులు జోడించి దగ్గరికెళ్ళాను.

"దేవసహాయం గారూ, నేను మీకు చేసింది..."

"ఉండండి మేడం గారూ, ఈ పాప తోకకప్పల గురించి ఏదో అడుగుతోంది."

పక్కకు జరిగి, పిల్లల వెనక వరుసలో నిలబడ్డాను. నా ముందు ఇంకా ఏడెనిమిది మంది ఉన్నారు. నా వంతు రాకముందే ఆయన ఉయ్యూరు బస్సుకు టైమైంది.