కమిటీ పెద్దమనిషి చెయ్యి

మా ఊరి అభివృద్ధి కమిటీ పెద్దమనిషి ఎవరికైనా అడ్డు చెప్పేముందు భుజం మీద చెయ్యి వేసేవాడు. దుబాయి నుంచి తిరిగొచ్చి నేను చికెన్ సెంటర్ తెరిచిన రోజే ఆ చెయ్యి నా మీద పడింది.

"ఊర్ల చికెన్ అమ్ముడు వేలంల ఒక్కనికే ఇచ్చినం తమ్మీ. నీది బంద్ చెయ్యి."

"గిది ఏ చట్టంల ఉందన్నా?"

"దుబాయి పోయి వకీలువై అచ్చినవా?" అని నవ్వాడు.

నేను మూయలేదు. మా ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడొద్దని ఆయన చాటింపు వేయించాడు. నెలకే కోరుట్ల పట్నానికి మారాల్సి వచ్చింది.

ఏళ్ల తర్వాత ఆయన కోరుట్లలో నా దుకాణానికి వచ్చినప్పుడు ఏదో కుట్ర ఉందనుకున్నాను.

"మా పిలగాడు మస్కట్ నుంచి అచ్చిండు. ఈడ చికెన్ సెంటర్ పెడుతడట. ఎవలన్న ఆపుతరా?"

"ఎవ్వలు ఆపరు" అన్నాను.

ఆయన నమ్మలేదు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "గట్లయితే ఈడ పెద్దమనుషులు ఎవ్వలు?" అని అడిగాడు.