లియాంగ్ గారికి మేం చేసిన సన్మానం

డెట్రాయిట్ చుట్టుపక్కల నలుగురు తెలుగువాళ్లు ఎక్కడ చేరినా ఈమధ్య ఒక చైనా ఆయన్ని తిట్టుకుంటున్నారు. "మన చేత సన్మానం చేయించుకుని, ఆనందబాష్పాలు కార్చి, చివరికి మన పొట్టే కొట్టాడండీ!" అని. ఆ చైనా ఆయన పేరు లియాంగ్. ఆ సన్మానం ఏర్పాటు చేసినవాణ్ణి నేను. అవి ఆనందబాష్పాలు కావని తెలిసీ ఇన్నేళ్లు నోరు మెదపనివాణ్ణి కూడా నేనే.

మైకు స్టాండు అధ్యక్షుడి మీద కూలిన సభలు చూశాను. శాలువా కప్పబోయి వక్త కళ్లజోడు ఎగరగొట్టిన సభలు చూశాను. మా సభ ముందు అవన్నీ పెళ్లి వేడుకలు. చదువుతూ మీకు నవ్వొస్తే నవ్వుకోండి, నాకు అభ్యంతరం లేదు. నేనూ కొంత దూరం నవ్వాను.

ఎనభైల మొదట్లో నేను డెట్రాయిట్ పక్కనే ఉన్న ట్రాయ్‌లో, ట్రక్కుల గేర్లూ, ఆ గేర్లని కోసే యంత్రాలూ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఇంజనీరుని. అప్పుడు కార్ల వ్యాపారం మంచం పట్టి ఉంది. శుక్రవారం సాయంత్రం వచ్చిందంటే ఎవరో ఒకరు కాఫీ కప్పూ, పెళ్లాం ఫోటో అట్టపెట్టెలో సర్దుకుని గేటు దాటేవారు. నా గ్రీన్ కార్డు ఇంకా రాలేదు. ఉద్యోగం పోతే ఆ ఆశా పోతుంది. మా ఆవిడ సుశీల అప్పుడు నిండు గర్భిణి.

అలాంటి రోజుల్లో చైనాలోని ఒక గేర్ల ఫ్యాక్టరీ నుంచి చీఫ్ ఇంజనీరు లియాంగ్ గారు వస్తున్నారన్నారు. ఆ దేశం అప్పుడే తలుపులు తెరిచింది. మా యంత్రాలు నచ్చితే ఒక వరుస మొత్తం కొంటారు. వాటిని బిగించి, పని నేర్పించాల్సింది మేమే. ఆయన సంతకం పెడితే మా అందరికీ కొన్నాళ్లు తిండి. పెట్టకపోతే అట్టపెట్టె.

మా బాసు వాల్ట్ నన్ను పిలిచాడు.

"మూర్తీ, నువ్వు ఆ వైపు మనిషివేగా. ఆయన్ని నువ్వే చూసుకో."

"వాల్ట్, మా ఊరికీ వాళ్ల ఊరికీ మధ్య హిమాలయాలు ఉన్నాయి."

"నాకూ వాళ్లకీ మధ్య మహాసముద్రమే ఉంది. నాకంటే నువ్వే దగ్గర."

లియాంగ్ గారు వచ్చారు. అరవైకి దగ్గర పడిన సన్నటి మనిషి. మెడదాకా బొత్తాలు పెట్టిన బూడిదరంగు కోటు. వెంట మిస్ హాన్ అని ఇంగ్లీషు తెలిసిన దుబాసీ అమ్మాయి. ఆయన వారమంతా యంత్రాల మధ్యే తిరిగారు. నడుస్తున్న యంత్రం మీద అరచెయ్యి ఆనించి, వైద్యుడు నాడి చూసినట్టు కళ్లు మూసుకునేవారు. ఎలా ఉందండీ అంటే "బాగుంది" అనేవారు. అంతకు మించి ఒక్క ముక్క లేదు. సైకిళ్ల దేశం వాళ్లకి ఈ యంత్రాలు బుర్రకెక్కాలంటే మన మనవలు ముసలివాళ్లు కావాలి అని నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. నా తెలివి అప్పుడు అంత పదునుగా ఉండేది.

గురువారానికి వాల్ట్ గోళ్లు కొరకడం అయిపోయి పెన్సిళ్ల మీద పడ్డాడు. "ఆయన మనసులో ఏముందో పట్టుకో మూర్తీ. ఏదో ఒకటి చెయ్యి!"

ఏదో ఒకటి అంటే తెలుగువాడికి తట్టేది ఏముంటుంది? శనివారం నాడు ఒక స్కూలు ఆడిటోరియంలో మా తెలుగు సంఘం ఉగాది కార్యక్రమం ఉంది. సంఘం అధ్యక్షులు డాక్టర్ కామేశ్వరరావు గారికి ఫోన్ చేశాను.

"చైనా ఆయనకి సన్మానమా? ఆయనేం చేశాడయ్యా మనకి?"

"పోయినేడాది కార్పెట్లమ్మే ఆయనకి చేశాం కదండీ. ఆయనేం చేశాడు?"

"అదీ పాయింటే. సరే, ఘనంగా చేద్దాం. సన్మానపత్రం నేనే రాస్తాను. నువ్వు అడ్డు రాకు."

సభ సంగతి చెప్పగానే లియాంగ్ గారు వస్తామన్నారు. స్టేజీ మీద కూర్చోబెడతామనగానే ఆయన ముఖం బిగుసుకుపోయింది. మిస్ హాన్ అంది: "వద్దంటున్నారు. వెనక వరుసలో కూర్చుంటారట."

నేను హాయిగా నవ్వాను. సన్మానం అనగానే సరే అన్న మనిషి మా జాతిలో ఇంతవరకూ పుట్టలేదు. వద్దు వద్దంటూనే శాలువా కోసం మెడ ముందుకు చాపుతారు. వద్దనడం ఎంత గట్టిగా ఉంటే సన్మానం అంత గట్టిగా చేయాలని లెక్క. "ఫరవాలేదు మేడమ్, మాకు అలవాటే" అన్నాను.

ఇంక శనివారం ఏర్పాట్లు వినండి. పూలదండని ముందు రోజే తెచ్చి కారు డిక్కీలో పెట్టాను. మిషిగన్ చలికి అది రాత్రికి రాత్రి వేయించిన వడియంలా తయారైంది. దండ లేకుండా మెడ బోసిగా ఉంటుందని, కామేశ్వరరావు గారి సన్మానపత్రాన్ని పెద్ద అట్టకి అంటించి, తాడు కట్టి, ఆయన మెడలో వేద్దామన్నాను. ఫోటోలో మనిషీ పత్రమూ రెండూ పడతాయని నా దూరదృష్టి. సుశీల ఆయన విజిటింగ్ కార్డు చూసి అట్ట మీద చైనా అక్షరాల్లో పేరు పెద్దగా దిద్దింది. మరీ బోడిగా ఉందని నేను రెండు ఎర్ర రిబ్బన్లు ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి అడ్డంగా అంటించాను. తలకి కిరీటం కావాలిగా? పిల్లల నాటకంలో దుర్యోధనుడిది ఉంది. బంగారు కాగితం అంటించిన అట్ట కిరీటం, మూరెడు పొడుగు.

పేరు పిలిచారు. ఆయన వెనక వరుసలోంచి లేవలేదు. నేను కనుసైగ చేశాను. ఇద్దరు వాలంటీర్లు వెళ్లి చెరో చెయ్యీ పట్టుకుని నడిపించుకొచ్చారు. మిస్ హాన్ నా చొక్కా పట్టుకుంది.

"ప్లీజ్, ఆయన్ని వదిలేయండి!"

"మొహమాటం మేడమ్. స్టేజీ ఎక్కాక అదే పోతుంది."

కిరీటం పెట్టాం. అట్ట మెడలో వేశాం. లియాంగ్ గారు వంగి దాని మీదున్న తన పేరు చూసుకున్నారు. అంతే, ఇంక తల ఎత్తలేదు. నడుము దగ్గర ముందుకు వంగి, రెండు చేతులూ వెనక్కి పెట్టి, అలాగే నిలబడిపోయారు.

ముందు వరుసలో ఎవరో అన్నారు, "ఎంత వినయమండీ! మన కవులు చూసి నేర్చుకోవాలి."

కామేశ్వరరావు గారు మైకు అందుకున్నారు. ఆయనకి ఎదుటివాడి ముఖం మీద వేలు ఆడిస్తే గానీ మాట రాదు. ఎవరిని పొగిడినా కోర్టులో ముద్దాయిని నిలదీసినట్టే ఉంటుంది. "ఈయన ఎవరు? ఈయన ఎక్కణ్ణుంచి వచ్చాడు? ఈయన చేసిన పనులు మీకు తెలుసా?" అని గర్జించారు. ఆయన తర్వాత కార్యదర్శి, తర్వాత కోశాధికారి, ఒకరి తర్వాత ఒకరు అదే వేలు, అదే గొంతు. ఊపు చాలడం లేదని నేను మైకు లాక్కున్నాను.

"లియాంగ్ గారికీ..."

"జై!" అని హాలంతా పిడికిళ్లు లేచాయి. సుశీల కూడా ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని రెండో చెయ్యి ఎత్తి అరిచింది.

"రెండు ముక్కలు మాట్లాడండి సార్" అని మైకు ఆయన నోటి దగ్గర పెట్టాను. ఆయన చైనా భాషలో మొదలుపెట్టారు. ఎత్తుపల్లాలు లేని గొంతు. బట్టీ పట్టిన పాఠం అప్పజెప్పినట్టు ఆగకుండా చెప్పుకుపోయారు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తర్జుమా చేయమని మిస్ హాన్ వైపు చూస్తే, ఆమె స్టేజీ కింద రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఉంది. కామేశ్వరరావు గారు ఏ భాషకీ జంకే మనిషి కాదు. "మన ఆతిథ్యానికి ఆనందబాష్పాలతో కృతజ్ఞతలు చెబుతున్నారు!" అని తెలుగులో ప్రకటించారు. చప్పట్లు మోగిపోయాయి. ఫోటో తీశారు.

సుశీలని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లిద్దర్నీ హోటలుకి తీసుకెళుతూ కారులో నేనే నోరు విప్పాను. "ఎలా ఉందండీ మా ఫంక్షన్?"

వెనక సీట్లోంచి మిస్ హాన్ అంది: "ఆయన ఏం చెప్పారో తెలుసా? 'నేను విదేశీ యంత్రాలను పొగిడాను, ప్రజలకి ద్రోహం చేశాను, నన్ను సరిదిద్దండి' అన్నారు. మా దేశంలో సాంస్కృతిక విప్లవం పేరుతో చదువుకున్నవాళ్లని వేధించిన రోజుల్లో ఆయన్ని సొంత ఫ్యాక్టరీలోనే ఇలా స్టేజీ ఎక్కించారు. కాగితం టోపీ, మెడలో అట్ట, అట్ట మీద పేరు, పేరు మీద ఎర్రగా కొట్టివేత. చేతులు విరిచి పట్టుకునేవాళ్లు. ఒక్కొక్కరే వచ్చి వేలు చూపించి అరిచేవాళ్లు. ఒకరోజు ముందు వరుసలో ఆయన భార్యని కూర్చోబెట్టి, ఆమె చేత కూడా నినాదం ఇప్పించారు. తర్వాత ఆమె ఎన్నాళ్లో బతకలేదు."

సుశీల చెయ్యి మెల్లగా ఒళ్లోకి జారింది.

"మీరు ముందు ఆయన్ని అడగలేదా?" అంది తెలుగులో.

"అడిగాను. వద్దన్నారు."

"వద్దన్నారా?"

హోటలు మలుపు వచ్చింది, చూసుకోకుండా దాటి వెళ్లిపోయాను.

సోమవారం ఆఫీసుకి అట్టపెట్టె నేనే ఇంటి దగ్గర్నుంచి పట్టుకెళ్లాను. వాల్ట్ గదిలో లియాంగ్ గారు కలం పట్టుకుని ఉన్నారు. అప్పటికే సంతకం అయిపోయింది. వాల్ట్ నా వీపు మీద చరిచి, "ఏం మంత్రం వేశావయ్యా!" అని అరుస్తూ బయటికి పరిగెత్తాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"క్షమించండి సార్. మాకు అది గౌరవం."

పక్కనున్న మిస్ హాన్ అది చైనా భాషలో చెప్పింది. ఆయన కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"అయినా సంతకం ఎందుకు పెట్టారు?" అన్నాను.

"యంత్రాలు బాగున్నాయి. మాకు తొందరగా ఉంది. మనుషుల్ని స్టేజీల మీద నిలబెట్టడంలోనే మా ఏళ్లన్నీ పోయాయి" అన్నారు. తర్వాత నా కళ్లలోకి చూసి, నిజంగా తెలుసుకోవాలని అడిగారు: "గౌరవించడానికి ఇలా చేస్తే, గిట్టనివాళ్లకి మీరేం చేస్తారు?"

"వాళ్లకీ ఇదేనండీ. ఉపన్యాసాలు ఇంకాస్త పొడుగు."

ఆయన నవ్వలేదు. యంత్రం గురించి ఒక కొత్త సంగతి విన్నట్టు తలూపారు.

మా యంత్రాలు ఓడెక్కాయి. నాకు ఉద్యోగం మిగిలింది, గ్రీన్ కార్డు వచ్చింది, కూతురు పుట్టింది. వాళ్ల కుర్రాళ్లు గుంపులుగా వచ్చి పని నేర్చుకున్నారు. మా మనవలు ముసలివాళ్లయ్యేదాకా ఆగలేదు. నా కూతురు బడికి వెళ్లే వేళకే వాళ్ల గేర్లు ఇక్కడి విడిభాగాల దుకాణాల్లో దిగాయి, మేం కలలో కూడా అమ్మలేని ధరకి. ఒకటి కొనుక్కొచ్చి తప్పు పడదామని దీపం కింద పెట్టి చూశాను. తప్పు దొరకలేదు. నిరుడు మా కంపెనీ మూతపడింది. అప్పటినుంచి మనవాళ్ల నోట ఆయన పేరు తిట్టయింది. ఆయన మోసం చేయలేదు. మేం అమ్మాం, ఆయన కొన్నారు, నేర్చుకున్నారు. మాకు ఆయన బాకీ ఉన్నదేమీ లేదు. బాకీ ఉన్నది మేమే, అది తీర్చే దారి నాకు తెలియదు.

కాబట్టి తెలుగు సంఘం సభ్యులందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఎవరి మెడలోనూ ఏదీ వేయను, ఎవరి తల మీదా ఏదీ పెట్టను. వద్దన్న మనిషిని వద్దన్నచోటే వదిలేస్తాను.

ఇది రాసి కామేశ్వరరావు గారికి ఫోన్లో చదివి వినిపించాను. ఆయన గొంతు సవరించుకుని, "చాలా బాగుందయ్యా. సంఘానికి ఇన్నేళ్లు సేవ చేశావు, ఈ ఉగాదికి నీకే సన్మానం అనుకున్నాం. ఇదంతా అప్పుడు మైకులో చెబుదువుగాని" అన్నారు.

"వద్దండీ" అన్నాను.

"నువ్వు అలాగే అంటావని తెలుసులే" అన్నారాయన. హాలు బుక్ చేసేశారట.