థియేటర్లో ‘ఏమండీ’

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆపరేషన్ థియేటర్ పక్క గదిలో క్యారియర్ విప్పాం. ఎనభైల చివర్లో విజయవాడలోని ఒక ఆసుపత్రిలో నేను అసిస్టెంట్ సర్జన్‌ని. నా భార్య శారద అక్కడే మత్తు డాక్టరు. అన్నం కలుపుకోకముందే క్యాజువాలిటీ నుంచి కబురొచ్చింది.

సాంబశివరావు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ కార్మికుడు. షిఫ్టుల పనిలో వేళకు తిండిలేక, ఏళ్లుగా కడుపులో మంట. ఆ ఉదయం కత్తి దిగినట్టు నొప్పి వస్తే ఇంట్లో సోడా తాగించారు. పొట్ట చెక్కలా బిగిసి ఉంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల కింద గాలి కనిపించింది.

“గ్యాసే కదండీ?” అంది అతని భార్య.

“గ్యాసేనమ్మా. ఉండాల్సిన చోట లేదు,” అని, పుండు ముదిరి జీర్ణాశయానికి రంధ్రం పడిందని, ఆలస్యమైతే మనిషి దక్కడని చెప్పాను.

రంధ్రం మూయడం అప్పట్లో సగం పనే. పుండు మళ్లీ రాకుండా, ఆమ్లం ఊరించే వేగస్ నరాలను కూడా అదే పూట కోసేవాళ్లం. రెండూ ఒకేసారి చేయగలనని నాకు పేరు.

రంధ్రానికి అటూ ఇటూ కుట్లు వేసి, పేగులను కప్పి ఉండే కొవ్వు పొర ఓమెంటాన్ని దానిమీదికి తెచ్చి ముడివేశాను. ముడి బిగిస్తే పొరకు రక్తం అందదు, వదులైతే కారుతుంది. ఆ ముడి నాకు బాగా వచ్చు. పొట్ట కడిగి, నరాల కోసం చేయి పైకి పోనిచ్చాను.

థియేటర్లో శారద నన్ను ‘డాక్టరు గారూ’ అనే పిలిచేది. పెళ్లయిన కొత్తలో తనే పెట్టుకున్న నియమం అది. ఆ రోజు రోగి తల దగ్గర నుంచి, గొంతు పెంచకుండా అంది:

“ఏమండీ, బీపీ నిలవటం లేదు. మూసెయ్యండి.”

సిస్టర్ తలెత్తలేదు. నేను చేయి బయటికి తీసి పొట్ట మూశాను.

సాయంత్రానికి బీపీ నిలబడింది. చల్లారిన అన్నం ముందు, ఇందాక ఏమని పిలిచావని శారదను అడిగాను.

“డాక్టరు గారూ అనేగా. కావాలంటే సిస్టర్ని అడగండి.”

సిస్టర్ తనకేమీ వినపడలేదంది.

సాంబశివరావు మళ్లీ డ్యూటీకి వెళ్లాడు. సర్జన్ చేతికి వచ్చే పేరులో సగం, ఎక్కడ ఆపాలో చెప్పే మనిషిదని నేను నేర్చుకున్నది ఆ రోజే. నా పేరు చివరిదాకా నిలబడింది.

శారద నిరుడు చనిపోయింది. అలాంటి పుండ్లలో చాలావాటికి ఒక బాక్టీరియా కారణమని తొంభైల్లోనే తేలింది, మాత్రలతో నయమవుతున్నాయి. రంధ్రం పడితే ఓమెంటం ఇప్పటికీ అలాగే కుడుతున్నారు. నరాలు కోయడం లేదు.