అహోబలరావు సారు వాయిదాలు

తర్కశాస్త్రం చెప్పే అహోబలరావు సారు, అన్న రోజున పరీక్ష పెట్టిన పాపాన పోలేదు. కడప కాలేజీలో తేదీ ప్రకటించేటప్పుడు మాత్రం బల్ల గుద్ది చెప్పేవారు. "సోమవారం పరీక్ష. రానివాడికి సున్నా. మళ్ళీ పెట్టేది లేదు. మూడో వంతు మార్కులు రాకపోతే యూనివర్సిటీ పరీక్షకు పంపేదీ లేదు!" తీరా సోమవారం వస్తే, కిటికీలోంచి ఒకసారి బయటికి చూసేవారు.

"ఏమప్పా, గాలి శానా తోలుతాండాది. కాగితాలెగిరిపోతే ఎవరి జవాబు ఎవరిదో యాడ తెలుస్తాది? వచ్చే వారం చూద్దాం."

ఇంకోసారి గాలే లేదు. "ఉక్క! చెమటకు సిరా అలుక్కుపోతాది." ఒకనాడు ఎండా గాలీ రెండూ పద్ధతిగా ఉన్నాయి. సారు చాలాసేపు ఆలోచించి, "ఇంత మంచి రోజును పరీక్షతో పాడు చేసుకుంటామా?" అన్నారు. హేతువు లేని మాట ఒప్పుకోవద్దని ఏడాదంతా నేర్పేది ఈయనే. క్లాసు ఫస్టు సోమన్న, బట్టీ పట్టిందంతా వారం వారం మరిచిపోయి మళ్ళీ పట్టలేక సగం చిక్కిపోయాడు.

వేంపల్లె గిడ్డయ్యకూ ఈ వాయిదాలంటే ఒళ్ళు మంట. కార్తీకంలో, అర్ధసంవత్సర పరీక్ష రేపనగా, అతని అన్న బస్సు దిగి హాస్టలుకు వచ్చాడు.

"రేయ్, వాన పడింది. రేపే చెనిక్కాయ పెరకాల. కూలోళ్ళు దొరకలే. నేల ఆరితే కాయంతా మట్టిలోనే ఉండిపోతాది."

ఆ వేరుశనగ పంటే ఇంటికి ఏడాది కూడు, గిడ్డయ్యకు చదువు. పోతే పరీక్ష పోతుంది, పోకపోతే పంట పోతుంది. ఏడుపు మొహంతో సారు ఇంటికి పరుగెత్తాడు.

"సార్, నాకొక్కనికి నాలుగు దినాలాగి పెట్టండి సార్."

"నీకొక్కనికా? నియమం నియమమే. రానివాడికి సున్నా!" అని సారు తలుపేసుకున్నారు.

గిడ్డయ్య సున్నాకే సిద్ధపడి బస్సెక్కాడు. చేలో ఒక్కో చెట్టూ సారును తిట్టుకుంటూ పెరికాడు. పని తొందరగా తెమిలింది.

తిరిగి వచ్చేసరికి కాలేజీ గేటు దగ్గర సోమన్న జుట్టు పీక్కుంటున్నాడు. "మళ్ళా రేపటికి ఏసినాడప్పా! బెంచీల్లో నల్లులుండాయంట. అవి కుడుతాంటే తర్కం రాదంట!"

గిడ్డయ్యకు సున్నా తప్పింది. సాయంత్రం పచ్చి చెనిక్కాయల మూటతో సారు ఇంటికి వెళ్ళాడు. సారు మూట చూసి, "లంచమా? రెండు మార్కులు కోస్తా!" అని గర్జించి లోపలికి పోయారు. ఆయన భార్య రామలక్ష్మమ్మ మూట అందుకుని నవ్వింది.

"రానోనికి మళ్ళా పెట్టగూడదనే గదా నాయనా నియమం? ఎవురికీ పెట్టకుంటే, రానోడనేవాడే ఉండడు. గాలి తోలిన దినం మీ క్లాసు పెద్ద ఈరన్నకు జొరం. ఈయన తర్కం ఎప్పుడూ ఇంతే."

గిడ్డయ్యకు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. చేలో తిట్టిన తిట్లన్నీ తలుచుకుని చెంపలేసుకున్నాడు. మర్నాడు పరీక్ష రాశాడు. సారు అన్నంత పనీ చేసి రెండు మార్కులు కోసినా, ఎలాగో గట్టెక్కాడు.

మరుసటి నెల ఇంకో పరీక్షకు అందరూ కూర్చున్నాక సారు పైకి చూశారు. "దూలం మీద పిచ్చుక గుడ్లు పెట్టుండాది. పెన్నుల చప్పుడుకు బెదురుతాది. వచ్చే వారం!"

క్లాసంతా గొణిగింది. గిడ్డయ్య మాత్రం, ఈసారి ఎవరికోసమా అని బెంచీల వెంట చూపు తిప్పాడు. మర్నాటి అక్క పెళ్ళికి ఆ పూటే కర్నూలు బస్సెక్కాల్సిన కృపమణి, నవ్వు ఆపుకోలేక పుస్తకాన్ని మొహానికి అడ్డం పెట్టుకుంది.