బొంత కింద మోగిన ఫోన్

మా వరుసలో మధ్యాహ్నాలన్నీ గుసగుసలతోనే గడిచేవి. గోదావరిఖనిలో మాది కంపెనీ క్వార్టరు, వరుసకు పది ఇళ్లు. ఏ రోజు చూసినా ఎవరో ఒకరు నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకుని ఉండేవారు. అందుకని ఆడవాళ్లు బిందె కింద గుడ్డ వేసి దించేవాళ్లు. కుక్కరు పగలు కూత పెట్టేది కాదు. పిల్లలం చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్లం. ఇప్పటికీ ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే నేను సగం నిద్రలోకి జారిపోతాను. కళ్లు తెరిచే ఉంటాయి, చప్పుళ్లు మాత్రం ఎక్కడో దూరం నుంచి వస్తుంటాయి.

మా ఫోనుకు బొంత చుట్టేది కూడా అందుకే. బాపు భూగర్భ గనిలో పనిచేసేవాడు. నైట్ షిఫ్టు వారంలో ఆయన పొద్దున వచ్చి, స్నానం చేసి, తిని పడుకోగానే అమ్మ ఫోన్‌ని పాత బొంతలో పసిపిల్లను చుట్టినట్టు చుట్టి చెక్కపెట్టె మీద పెట్టేది. మోగితే పక్కన కూర్చున్నవాళ్లకు మాత్రం లోపలెక్కడో తుమ్మెద తిరిగినట్టు వినిపించేది. వైరు పీకేస్తే పోదా అని నేనంటే అమ్మ ఒప్పుకునేది కాదు. "బాయిల ఎవలకన్న ఏమన్న అయితె ఎట్ల ఎరుకైతది?" అనేది. మావాళ్లకు బాయి అంటే గనే.

రాష్ట్రం రాకముందు మాట ఇది. నేను పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న ఏప్రిల్ నెల. అమ్మ కూడా పది పరీక్షకే చదువుతోంది. ఏడుతో ఆగిన మనిషి, ఇంట్లోనుంచే చదివే పద్ధతిలో ఫీజు కట్టింది. పది పాసైతే అంగన్‌వాడీలో టీచరు పోస్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా నాకు మంటగానే ఉండేది. ఆమె సెంటరు పడింది మా బడిలోనే. మా లెక్కల సారు ముందు మా అమ్మ కూర్చుని లెక్కలు తప్పు చేస్తుంటే, ఆ సంగతి నా స్నేహితులందరికీ తెలుస్తుంటే, నేనెక్కడ తలపెట్టుకోవాలి? అప్పట్లో నాకు పదిహేనేళ్లు, పొగరు యాభై ఏళ్లది.

అమ్మతో పాటు ఫీజు కట్టినవాళ్లందరికీ హాల్ టికెట్లు వచ్చాయి, అమ్మకు రాలేదు. దరఖాస్తు పుస్తకం వెనక పద్దెనిమిది వందలతో మొదలయ్యే నంబరు ఒకటి ఉంది. దాన్ని పట్టుకుని మేం ముందు చౌరస్తాలో ఎస్టీడీ బూత్‌కి వెళ్లాం. బూత్ అతను నంబరు చూసి తల అడ్డంగా ఊపాడు. "గది చేస్తె మీటర్ తిరగదక్కా. మీరు అరగంట పట్టుకుంటరు, నా లైను ఊకెనే ఆగిపోతది" అన్నాడు. మా ఇంటి ఫోనుకేమో బయటి ఊళ్లకు పోకుండా ఎస్టీడీ లాక్ ఉంది.

ఆ లాక్ ఉన్నా ఈ నంబరు కలుస్తుందని మాకు చెప్పింది లైన్‌మన్. పక్కింటి ఫోన్ బాగుచేయడానికి వచ్చినవాణ్ని అమ్మ పిలిచి చాయ్ ఇచ్చి అడిగింది.

"గా నంబర్‌కు సొంత ఇల్లు లేదక్కా" అన్నాడతను. "మనం కొట్టంగనే ఎక్స్ఛేంజిల సూసి, దాని వెనక ఉన్న మామూలు నంబర్‌కు తోలుతరు. పట్నం ఆఫీసు బందైతె ఇంకో ఊరికి తిప్పుకుంటరు. మనకు ఎరుకే కాదు. పైసలు మనకు పడయి, ఎత్తెటోళ్లకు పడుతయి. టీవీల కంపెనీలోళ్లు, సబ్బులోళ్లు అందుకే డబ్బల మీద ఏస్తరు."

"ఇండ్లకు గూడ ఇస్తరా తమ్మీ? మా అవ్వ ఊర్లకెల్లి పైసలు పెట్టి చేస్తది, పాపం" అంది అమ్మ.

"అడిగితె ఇస్తరు. కని ఊరందరు నీకే చేస్తరు, బిల్లు బావకు వస్తది."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, లోపల బాపు పడుకున్నాడు కదా. ఆ రోజంతా ఆమె ఇల్లులేని నంబరు గురించే ఆలోచించినట్టుంది. అన్నం తింటూ మధ్యలో, "మరి గది యాడ ఉంటదే?" అని నన్నడిగింది. నేను కంచం పట్టుకుని లేచిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ బొంత విప్పి, గోడకు ముఖం పెట్టి కూర్చుని ఆ నంబరు కొట్టింది. ఎవరూ ఎత్తకముందు చాలాసేపు వీణ పాట వచ్చింది. అమ్మ కళ్లు మూసుకుని విన్నది. చేతిలో పనిలేకుండా మా అమ్మ అంతసేపు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె ముఖం నాకు తెలియని చిన్నపిల్ల ముఖంలా ఉంది. అటువైపు ఎవరో ఎత్తేసరికి ఉలిక్కిపడి గుసగుసగా, ఆగకుండా తన సంగతి చెప్పేసి, "ఉంటనమ్మా, నీకు బిల్లు పడుతది" అని పెట్టేసింది. ఆ ఎత్తిన అమ్మాయే తన జీతంలోంచి కట్టుకుంటుందనుకుంది మా అమ్మ. ఫైలు చూసి వాళ్లే ఫోన్ చేస్తామన్నారట. ఎప్పుడు చేస్తారో ఈమె అడగనేలేదు.

రెండో రోజు మూడు గంటలకు నల్లా వచ్చింది. "ఫోన్ మోగితె జల్ది ఎత్తు బిడ్డా" అని అమ్మ బిందెలు తీసుకుని బయటికి వెళ్లింది. నేను పెట్టె పక్కనే వారపత్రిక చదువుతున్నాను. బొంతలో తుమ్మెద కదిలింది. మోగి ఆగింది. మళ్లీ మోగింది. నేను పేజీ తిప్పాను. మూడోసారి మోగుతుంటే నా చెయ్యి బొంత మీదే ఉంది. లోపలి వణుకు వేళ్లకు తెలుస్తోంది. ఎత్తలేదు.

తల ఎత్తితే గడపలో బాపు నిలబడి ఉన్నాడు.

"ఎవలే?"

"రాంగ్ నంబర్ బాపూ."

"ఎత్తకుంటనే రాంగ్ నంబర్ అని ఎట్ల ఎరుకైంది?"

నేను పత్రికలో తల దూర్చాను. ఆయన కాసేపు చూసి లోపలికి వెళ్లి పడుకున్నాడు.

సాయంత్రం అమ్మ మళ్లీ చేసింది. మేం మూడుసార్లు చేశాం, ఎవరూ ఎత్తలేదని అటునుంచి చెప్పారు. దరఖాస్తులో పుట్టిన తేదీ ఒకటి, బడి రికార్డులో ఇంకొకటి ఉందట. నిజమే, దరఖాస్తులో తేదీని అమ్మ మా బాపు కంపెనీ దవాఖాన పుస్తకం చూసి రాసింది. అందులో భార్యాపిల్లల తేదీలు ఎప్పుడో ఒక గుమాస్తా అందాజాగా వేసినవి. మా కాలనీలో సగం మంది అమ్మలకు ఆ పుస్తకం తేదీలే గతి. దిద్దే అధికారి ఇంటికి వెళ్లిపోయాడు, రేపు ఆయనే ఫోన్ చేస్తాడు, రేపు తేలకపోతే ఈసారి పరీక్ష లేదు, బడి కాగితం నకలు కూడా పంపాలి. ఇదీ వాళ్లు చెప్పింది.

"నాదే తప్పు" అంది అమ్మ. "బొంత మందంగ చుట్టిన. పిల్లకు యాడ ఇనిపిస్తది?"

బాపు డ్యూటీ బట్టలు వేసుకుంటూ విన్నాడు. టిఫిన్ డబ్బా తీసుకుని బయటికి నడిచాడు. ఆయన తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

తెల్లారి బడి కాగితం కోసం అమ్మ మొదటి బస్సుకే పుట్టింటి ఊరికి వెళ్లింది. బాపు వచ్చి, స్నానం చేసి, తిని, పడుకోలేదు. బొంత విప్పి మడతపెట్టాడు. ఫోన్ ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. ఎండ గోడ దిగి గచ్చు మీదికి వచ్చింది, గచ్చు దాటి వాకిట్లోకి వెళ్లింది. తల వాలినప్పుడల్లా లేచి ముఖం మీద నీళ్లు చల్లుకుని వచ్చి మళ్లీ కూర్చునేవాడు. బొగ్గు రేణువులు ఆయన రెప్పల అంచున కాటుకలా ఎప్పుడూ ఉండేవి. ఆ రోజు వాటి మధ్య కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆయన ముందు కూర్చోలేక, లేచి వెళ్లలేక నేను గచ్చు మీద గీతలు గీస్తూ ఉండిపోయాను.

నాలుగు దాటాక ఫోన్ మోగింది. ఆ చప్పుడుకు వరుస వరుసంతా అదిరిపడినట్టనిపించింది. బాపు ఎత్తి నాకు అందించాడు.

"మీరు ఆమెకు ఏమవుతారు?" అని అటునుంచి అడిగారు.

"బిడ్డను సార్."

"నిన్న ఎవరూ ఎత్తలేదేం?"

బాపు నా వైపే చూస్తున్నాడు. "బొంత కింద ఉండె సార్" అన్నాను. అమ్మ చెప్పిపోయినట్టు బడి తేదీయే సరైందని చెప్పాను. దిద్దుతున్నామని, నకలు పోస్టులో పంపి హాల్ టికెట్ సెంటర్లో తీసుకొమ్మని అన్నారు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

"ఏడ్వకు" అన్నాడు బాపు. "మీ అమ్మకు చెప్పకు. గామె సదువుకోవాలె. గీ ఫికర్ ఆమెకెందుకు?" రెండు గంటలు కునుకు తీసి ఆ రాత్రి గనిలోకి దిగాడు. ఆయన తిరిగి వచ్చేదాకా నాకు నిద్రపట్టలేదు.

అమ్మ పాసైంది. అంగన్‌వాడీలో చేరింది. లెక్కల్లో గట్టెక్కింది, తెలుగులో నాకంటే ఎక్కువ తెచ్చుకుంది. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా ఈ కథ చెబుతుంది. "నా బిడ్డ పొద్దంత ఫోన్ కాడ కూసొని, ఎత్తి మాట్లాడింది. లేకుంటె నాకు పరీక్షే లేకపోవు" అంటుంది. ఆ మాట వచ్చినప్పుడల్లా బాపు లేచి బయటికి వెళ్లేవాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది. రోజంతా కూర్చున్నది ఎవరో అమ్మకు చెప్పగలిగినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే. ఇంకా చెప్పలేదు.