పుస్తె కోసం ఆగిన కెమెరా

ఆ రోజు ఫ్లాష్ పాడైందని బాన్సువాడలో ఇన్నేళ్లూ అందరికీ చెప్పాను. అది అబద్ధం.

తొంభైల్లో, ముంబైలో ఫొటోలు తీసే మా ఊరి అన్న నన్ను ఒక యూదుల పెళ్లికి తోడు తీసుకెళ్లాడు. ఆయన పెళ్లికూతురిని, నేను పెళ్లికొడుకును తీయాలని చెరో వైపు నిలబడ్డాం. పెళ్లికొడుకు ఆమె చూపుడువేలికి ఉంగరం తొడిగి, కాలితో గాజు గ్లాసు పగలగొట్టాడు. అందరూ కేరింతలు కొట్టారు. నేను కెమెరా ఎత్తలేదు.

"ఏంది తమ్మీ, తియ్యవా?"

"పుస్తె కట్టనీ అన్నా, రీల్ల ఒక్కటే ఫొటో ఉంది."

"యాడి పుస్తెరా! గీళ్లల్ల గంతే, పెండ్లి అయిపాయె!"

గ్లాసు ఫొటో ఏదని పెళ్లికూతురు అడిగితే ఫ్లాష్ మీదకు నెట్టేశాను. ఆ ఫ్లాష్ ఆయన ఇచ్చిందే, పెళ్లివాళ్లతో మాట పడ్డదీ ఆయనే. మళ్లీ నన్ను పిలవలేదు. ఇప్పుడు ఇక్కడి పెళ్లిళ్లలో పుస్తె కట్టే క్షణం తప్పకుండా తీస్తాను. తర్వాత భోజనాల బంతి చివర, పక్కన ఆ అన్న లేకుండా, ఒక్కడినే కూర్చుని తింటాను.