సింహం నీడ

మైపాడు నుంచి నెల్లూరు వచ్చే బస్సులో కిటికీ పక్కన ఒకామె కూర్చుంది, ఆమె పక్కన నేను. చీర మీద మగవాళ్ల చొక్కా, చేతిలో పొడవాటి వైపర్ కర్ర. రొయ్యల హేచరీల పైన సోలార్ పలకలకు పట్టిన ఉప్పు కడిగే పని అని చెప్పింది. మా మిద్దె మీద పలకలు పెట్టించి ఆరు నెలలైనా కరెంటు సగం కూడా రావడం లేదని నేను కాస్త కటువుగానే అన్నాను.

"దక్షిణం పిట్టగోడ మీద ఏమన్నా ఉండాదా సార్?"

"సిమెంటు సింహం బొమ్మ ఉంది. వీధిలో పోయేవాళ్లకు కనబడాలని మా తాతగారు పెట్టించారు. పొలాలన్నీ పోయాయి, అదొక్కటే మిగిలింది. దాన్ని దించే మాటే లేదు."

ఆమె నవ్వి కర్రను కిటికీకి ఆనించి నిలబెట్టింది. దాని నీడ నా తెల్లపంచె మీద అడ్డంగా పడింది.

"ఒక్క పలక మీద ఇంత నీడ పడినా వరసంతా పడుకుంటాది సార్. దించమని ఎవురన్నారు? ఉత్తరం పక్కకి మార్చండి, నీడ అవతల పడతాది. ఏ పక్కనుంటే మాత్రం అది సింహం గాదా?"

ఆమె దిగేటప్పుడు నేను కాళ్లు పక్కకు తిప్పితే సరిపోయేది. లేచి నిలబడి దారిచ్చాను.

ఇప్పుడు కరెంటు నిండుగా వస్తోంది. సింహం ఉత్తరం పిట్టగోడ మీద, ఒకప్పటి మా పొలాల వైపు చూస్తూ కూర్చుంది. ఎండ తగ్గాక నేనూ దాని పక్కనే కుర్చీ వేసుకుంటున్నాను. అటువైపు గాలి బాగుంటుంది.